జానపద కథల బొమ్మలు వేసిన బిలీబిన్ పోస్టర్లు ఎందుకు గీశారు?

ప్రశ్న:
రష్యన్ చిత్రకారుడు ఇవాన్ బిలీబిన్ (1876–1942) కథల పుస్తకాలకు వేసిన బొమ్మలను చాలాకాలంగా ఇష్టంగా చూస్తున్నాను. 1903లో ఆయన ‘న్యూ బవారియా’ బీరుకు ప్రకటన పోస్టరు గీశారని ఈమధ్యనే తెలిసింది. రష్యన్ జానపద కథల్లోని మంత్రగత్తె బాబా యగాను అంత తీరికగా గీసిన చేయి బీరు అమ్మే పనికి ఎలా దిగిందో అంతుపట్టడం లేదు. అది కేవలం పొట్టకూటి పనా, లేక ఆ రెండింటికీ చుట్టరికం ఏదైనా ఉందా?

మొదటి జవాబు:
చుట్టరికం ఉంది, అది అచ్చుపనిలో ఉంది. 1899లో రష్యన్ చిత్రకారుడు వాస్నెత్సోవ్ వేసిన ‘బొగతీర్లు’ (పాత గాథల వీరులు) చిత్రాన్ని చూసి కదిలిపోయిన బిలీబిన్, ఆ ఏడాదే ట్వేర్ ప్రాంతంలోని యెగ్ని అనే పల్లెకు వెళ్లి కథల బొమ్మలు మొదలుపెట్టారు. 1901–1903 మధ్య వాటిని ఆరు పలచని పుస్తకాలుగా అచ్చువేసింది కరెన్సీ నోట్లు ముద్రించే ప్రభుత్వ ముద్రణాలయం. అలాంటి చోట గీత ఎంత శుభ్రంగా ఉండాలో వేరే చెప్పనక్కరలేదు. ఆయన ముందు పెన్సిలుతో చిత్తుబొమ్మ గీసి, దాన్ని ట్రేసింగ్ కాగితం మీదుగా మందపాటి కాగితానికి ఎక్కించి, కొసను ఏటవాలుగా కత్తిరించిన కుంచెతో సిరా గీత లాగేవారు. ఆ తర్వాతనే గీతల మధ్య నీటిరంగును చదునుగా నింపేవారు. చేయి తొణకని ఆ తీరు వల్లనే ఆయనకు ‘ఇనుప చేతి ఇవాన్’ అన్న పేరు వచ్చింది. గట్టి నల్లగీత, దాని లోపల చదునైన రంగు: లిథో రాతి (బొమ్మను గీసి దాని నుంచి అచ్చుతీసే చదునైన రాయి) మీద ముద్రించే పోస్టరుకు కావలసినది కూడా అదే కనుక, ఆయన కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది.

రెండవ జవాబు:
పనితీరు గురించి పైన రాసినదంతా నిజమే గాని, చివరి మాటను ఒప్పుకోలేను. పోస్టరు దారిన పోయేవాడి కోసం, బిలీబిన్ పుట ఒళ్లో పెట్టుకుని చూసేవాడి కోసం. 1902–1904 మధ్య వొలొగ్దా, అర్హంగెల్స్క్ ప్రాంతాలు తిరిగి సేకరించిన కుట్టుపనులు, చెక్క చెక్కడాల పోకడలన్నీ ఆయన అంచుపట్టీల్లోకి చేరాయి. అంత అలంకారాన్ని నడుస్తూ చూడటం ఎవరికీ సాధ్యం కాదు. నా దృష్టిలో ఆయన వేసిన అసలైన పోస్టరు గోడ మీద లేదు, 1905 నాటి ‘జార్ సల్తాన్’ పుస్తకంలో ఉంది. చుక్కల ఆకాశం కింద నురగలు కక్కుతూ లేచిన అలపై పీపా ఒకటి తేలుతూ ఉంటుంది. ఆ అల జపాన్ చిత్రకారుడు హొకుసాయి నుంచి వచ్చిందని చూడగానే తెలుస్తుంది. ఎంత దూరం నుంచైనా పోల్చుకోగల బొమ్మ అది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ అల బొమ్మను మళ్లీ తీసి, గోడకు ఆనించి, గదికి అవతలి కొసన నిలబడి చూశాను. పీపా కనిపించింది. బాబా యగా పుటను అలాగే పెట్టి చూస్తే అడవి తప్ప మరేమీ తెలియలేదు.

మూడవ జవాబు:
ఆ కొలతకు ఇంకొకటి కూడా నిలుస్తుంది. 1917లో జార్ పాలన కూలాక ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వం కోసం బిలీబిన్ కిరీటాలు లేని రెండు తలల గద్దను గీశారు. 1992లో అదే గద్ద రష్యా కేంద్ర బ్యాంకు నాణేల మీదికి వచ్చింది. గోరంత బొమ్మ అయినా గీత చెదరలేదు. ఆయన మాత్రం దాన్ని నాణెం మీద చూడలేదు. వలస వెళ్లిన దేశాల నుంచి 1936లో తిరిగి వచ్చి, 1942 ఫిబ్రవరిలో లెనిన్‌గ్రాడ్ ముట్టడి కాలంలో మరణించారు.