పళ్లు బిగిసిన పిల్లవాడికి బుగ్గలో పోసే మందు ఎట్లా పనిచేస్తుంది?

పరకాల తల్లి:
మా ఆరేళ్ల బాబుకు ఫిట్స్ వస్తుంటాయి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే, మిడజోలాం ద్రవాన్ని సూది లేని సిరంజితో కింది చిగురుకూ బుగ్గకూ మధ్య పోయాలని డాక్టర్ గారు రాసిచ్చారు. పళ్లు గిట్టకరిచిన పిల్లవాడికి మందు పోస్తే గొంతుకు అడ్డం పడుతుందని మా అత్తమ్మ భయపడుతున్నారు. మింగకుండానే మందు ఒంట్లోకి ఎట్లా చేరుతుందో తెలిసినవారు దయచేసి వివరించండి.

హన్మకొండ ఫార్మసీ అధ్యాపకుడు:
అమ్మా, మీ అత్తమ్మ గారికి ఊళ్లోని ఉదాహరణే చెప్పండి. తంబాకులో సున్నం నలిపి దవడన పెట్టుకున్నవారికి, దాన్ని మింగకపోయినా, కాసేపట్లోనే మత్తు తెలుస్తుంది. బుగ్గ లోపలి పొరకు చర్మానికి ఉన్నట్టు గట్టి పైపొర లేదు, దాని కిందనే సన్నని రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. సున్నపు క్షారం వల్ల నికోటిన్ కొవ్వులో సులువుగా కరిగే రూపంలోకి మారి ఆ పొరను దాటుతుంది. (ఆ అలవాటు నోటి క్యాన్సర్‌కు దారి తీస్తుంది కనుక దాన్ని నేను సమర్థించడం లేదు.) మిడజోలాం కూడా ఇంచుమించు అట్లాగే ప్రవర్తిస్తుంది: ఆమ్ల ద్రావణంలో నీటిలో కరిగి ఉండే ఈ మందు, లాలాజలం తగిలి ఆమ్లత తగ్గగానే కొవ్వులో కరిగే రూపం పొందుతుంది. మింగిన మందు పేగుల నుంచి ముందు కాలేయానికి చేరి అక్కడ చాలావరకు విరిగిపోతుంది, కానీ బుగ్గ నుంచి వెళ్లే రక్తం మెడలోని సిర ద్వారా నేరుగా గుండెకు చేరుతుంది.

జమ్మికుంట పాఠకుడు:
మరి అన్ని మందులనూ ఇట్లాగే ఎందుకు ఇవ్వరు?

హన్మకొండ ఫార్మసీ అధ్యాపకుడు:
బుగ్గల లోపలి వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లే. పైగా లాలాజలం మందును కడిగేస్తూ ఉంటుంది. ఇన్సులిన్ వంటి పెద్ద అణువులు ఈ పొరను దాటలేవు. అందువల్ల తక్కువ మోతాదుతో పనిచేసే మందులకే ఈ దారి పనికివస్తుంది.

పిల్లల వార్డు నర్సు:
అత్తమ్మ గారి భయాన్ని తోసిపుచ్చవద్దు. నాలుక మీద పోస్తే ప్రమాదమే. కానీ ఈ మందు పళ్లకు బయటి వైపున పోసేది కాబట్టి దవడ బిగిసి ఉన్నా అడ్డు కాదు. బాబును పక్కకు తిప్పి పడుకోబెట్టి, పెదవి మూలను కొద్దిగా లాగి, డాక్టర్ గారు రాసిన మోతాదును మెల్లగా పోయండి. పళ్ల మధ్య వేలు గానీ చెంచా గానీ పెట్టవద్దు. ఫిట్స్ మొదలైన సమయాన్ని గడియారంలో చూసుకోండి. మందు పోశాక కూడా ఆగకపోయినా, శ్వాస మందగించినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయండి.