మాంటెరే ట్రిప్‌లో ఒక్క రౌండే ఆడగలను: పెబుల్ బీచా, పసిఫిక్ గ్రోవా?

గుంటూరు_శాన్‌హోసే:
అందరికీ నమస్తే. అక్టోబర్‌లో మూడు రోజులు కాలిఫోర్నియా తీరంలోని మాంటెరే వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న. నేను గోల్ఫ్ మొదలుపెట్టి రెండేళ్లయింది. 18 హోల్స్‌కి 105, 110 దెబ్బల దగ్గరే ఉన్నాను. సముద్రం పక్కన ఒక్కసారైనా ఆడాలని చాలా కోరికగా ఉంది.

అక్కడ పేరున్న గోల్ఫ్ కోర్స్ పెబుల్ బీచ్. అందులో ఒక రౌండ్‌కి ఒక్కడికే 600 డాలర్ల పైమాటే. ముందుగా బుక్ చేసుకోవాలంటే వాళ్ల రిసార్ట్‌లో కనీసం రెండు రాత్రులు ఉండాలి. ఆరుగురితో అది మాకు అయ్యే పని కాదు. పక్కనే పసిఫిక్ గ్రోవ్‌లో సిటీ వాళ్ల కోర్స్ ఉంది. అక్కడి ఫీజు ఇందులో ఐదో వంతు కూడా ఉండదు. మా ఆవిడ వద్దనలేదు, "తర్వాత తల్చుకుని బాధపడే ఖర్చు మాత్రం పెట్టకు" అంది. రెండూ ఆడినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

దీపస్తంభం:
పసిఫిక్ గ్రోవ్‌కే వెళ్లండి, రెండో ఆలోచన వద్దు. నేను ఏడేళ్లుగా ఆడుతున్నాను. మొదటి తొమ్మిది హోల్స్ చెట్ల మధ్య, ఇళ్ల పక్కన సాదాగా సాగిపోతాయి. పదో హోల్ దాటాక కథ మారుతుంది. ఇసుక దిబ్బలు, మధ్యలో పాయింట్ పినోస్ లైట్‌హౌస్, దాని వెనక పసిఫిక్. ఆ లైట్‌హౌస్ 1855 నుంచి వెలుగుతూనే ఉంది. పెబుల్ బీచ్‌ని గీసిన ఇద్దరిలో ఒకడైన జాక్ నెవిలే 1960లో ఇక్కడి వెనక తొమ్మిదీ, అంటే చివరి తొమ్మిది హోల్స్, గీశాడు. అంటే ఒకే చెయ్యి!

సముద్రం లెక్క చూసినా, పెబుల్ బీచ్‌లో నీళ్ల ఒడ్డున ఉండేవి 4 నుంచి 10 దాకా, ఆ తర్వాత 17, 18. మొత్తం తొమ్మిదే. 11 నుంచి 16 వరకు లోపలే తిరగాలి.

ఒక్క జాగ్రత్త. దిబ్బల మీద ఐస్ ప్లాంట్ అని ఒక తీగ పరుచుకుని ఉంటుంది. ఆకులు మన గంగవాయలి కూరలా దళసరిగా, నీళ్లు నిండి ఉంటాయి. బంతి అందులో పడితే కనిపిస్తూనే ఉంటుంది, కానీ క్లబ్ (బంతి కొట్టే కర్ర) తీగలో చిక్కుకుని మణికట్టు తిరిగిపోతుంది. ఒక దెబ్బ పోతే పోనీ అనుకుని పక్కకు తీసుకోండి.

వైజాగ్_గాలి:
దీపస్తంభం గారూ, మీ మీద గౌరవం ఉంచుకునే చెప్తున్నాను, ఇది హోల్స్ లెక్కపెట్టి తేల్చే విషయం కాదండీ.

నేను వైజాగ్‌లో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో ఆట నేర్చుకున్నవాణ్ని, సముద్రపు గాలి నాకు కొత్త కాదు. అయినా పెబుల్ బీచ్ ఏడో హోల్ దగ్గర నా చేతులు వణికాయి. దూరం 106 గజాలే. మేజర్ టోర్నీలు జరిగే కోర్సుల్లో బాగా పొట్టి హోల్స్‌లో ఇదొకటి. టీ మీద, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట, నిలబడితే గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి) కింద ఉంటుంది, అరచేయంత. చుట్టూ బంకర్లు (ఇసుక గుంటలు), వాటి అవతల రాళ్లు, ఆ రాళ్ల మీద అల పగిలినప్పుడు తుంపర పైకి లేస్తుంది. మామూలుగా అయితే ఆ దూరానికి నాకు వెడ్జ్ అనే దగ్గరి దెబ్బల క్లబ్ చాలు. ఆ రోజు ఎదురుగాలికి క్యాడీ (సంచి మోస్తూ సలహా ఇచ్చేవాడు) ఇంకా దూరం కొట్టే ఏడో నంబర్ ఐరన్ చేతికిచ్చి, "మెల్లగా, కిందుగా కొట్టు" అన్నాడు. బంతి గ్రీన్ అంచున ఆగింది. పార్, అంటే అక్కడ కొట్టాల్సిన మూడు దెబ్బలు, రాలేదు, నాలుగు అయింది. ఆ నాలుగు ఇప్పటికీ స్కోర్‌కార్డ్ మీద ఉంది, కార్డు నా టేబుల్ సొరుగులో ఉంది.

ఇంకో మాట. క్రికెట్ పిచ్చి ఉన్నవాడికి లార్డ్స్‌లో బ్యాట్ ఇచ్చి దిగమంటారా? అనరు. ఇక్కడ మాత్రం 2000 యూఎస్ ఓపెన్‌లో టైగర్ వుడ్స్ 15 స్ట్రోకుల తేడాతో గెలిచిన అదే గడ్డి మీద, అవే గ్రీన్ల మీద మనలాంటి వాడు ఆడొచ్చు. 1982లో 17వ హోల్ దగ్గర టామ్ వాట్సన్ రఫ్ (పొడుగు గడ్డి) నుంచి చిన్న దెబ్బతో చిప్ చేసి బంతిని నేరుగా హోల్‌లో వేశాడు, ఆ చోట మీరూ నిలబడొచ్చు. పక్కనే ఉన్న సైప్రస్ పాయింట్ కోర్స్ మెంబర్లది. మనం ఎంత డబ్బు పట్టుకెళ్లినా టీ టైమ్ (ఆట మొదలుపెట్టే టైమ్) అమ్మరు. పెబుల్ బీచ్ తలుపు తీసే ఉంది. రేటు ఎక్కువే, కాదనను. కానీ జీవితంలో ఒక్కసారి.

అమ్మ_కూడా_గోల్ఫరే:
ఇద్దరూ కోర్సుల గురించే రాశారు, అతనితో వచ్చే ఐదుగురి సంగతి ఎవరూ ఎత్తలేదు. పెబుల్ బీచ్ రౌండ్ అంటే ఐదు గంటలు. ముందు ప్రాక్టీసు, తర్వాత కాస్త ఊపిరి పీల్చుకోవడం కలిపితే రోజు అయిపోయినట్టే. మూడు రోజుల ట్రిప్‌లో ఒక రోజు. ఆ రోజంతా అత్తమామల్నీ, ఇద్దరు పిల్లల్నీ మీ ఆవిడే చూసుకోవాలి. ఆమె వద్దనలేదు అన్నారు. వద్దనకపోవడం వేరు, సరదాగా ఒప్పుకోవడం వేరు.

నేనైతే ద హే చూడమంటాను. పెబుల్ బీచ్‌లోనే ఉన్న తొమ్మిది హోల్స్ చిన్న కోర్స్. టైగర్ వుడ్స్ కొత్తగా గీశాక 2021లో తెరిచారు. రెండో హోల్ అచ్చం ఆ ఏడో హోల్ కొలతలతోనే కట్టారు, అదే దూరం, అవే బంకర్లు. సముద్రం పక్కన ఉండదు, దూరంగా కనిపిస్తుంది. మా చిన్నది తొమ్మిదేళ్లప్పుడు అక్కడ మూడు క్లబ్బులతో ఆడింది. బంతి బంకర్లో పడితే లోపలికి దిగి నాలుగు సార్లు కొట్టింది, ఐదోసారి బయటికొచ్చింది. బూట్లలో ఇసుకతోనే హోటల్ దాకా నడిచింది, దులపనివ్వలేదు. పక్కనే బంతిని దొర్లించి హోల్‌లో వేసే పెద్ద పటింగ్ గ్రీన్ ఉంది, ఫీజు లేదు. మీ నాన్నగారికి అక్కడ ఒక పటర్ (దొర్లించే క్లబ్) చేతికివ్వండి.

డండీ_డాక్టర్:
స్కాట్లండ్ నుంచి రాస్తున్నాను. సముద్రపు గోల్ఫ్ అంటే మాకు లింక్స్. తీరానికీ పొలాలకీ మధ్య వ్యవసాయానికి పనికిరాని ఇసుక నేల, పొట్టి గడ్డి. బంతిని గాలిలోకి లేపకుండా నేల మీద దొర్లించే ఆట. ఆ లెక్కన పెబుల్ బీచ్ లింక్స్ కాదు, కొండ అంచు మీది కోర్స్. పసిఫిక్ గ్రోవ్ వెనక తొమ్మిదే లింక్స్‌కి దగ్గరి చుట్టం.

అమ్మ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఇక్కడి సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌కి ఆదివారం మామూలుగా సెలవు. ఆ రోజు ఊరి వాళ్లు ఫెయిర్‌వేల మీద కుక్కల్ని తిప్పుతారు, పిల్లలు కోర్స్ మీది చిన్న స్విల్కన్ వంతెన ఎక్కి ఫోటోలు దిగుతారు. అది జనం నేల. పక్కనే హిమాలయాస్ అనే గుట్టల పటింగ్ గ్రీన్‌లో కొద్ది పౌండ్లిచ్చి ఎవరైనా ఆడొచ్చు. నేను మా అమ్మను తీసుకెళ్లాను. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో పటర్ ఆడించింది. ఆవిడకి గోల్ఫ్ గురించి గుర్తున్నది అదొక్కటే.

నీటిచుక్క:
గోల్ఫ్ ఆడను, అయినా అడుగుతున్నాను. అక్కడ జనానికి నీటి కటకట ఉంది కదా? కార్మెల్ నది నుంచి హక్కుకు మించి తోడుతున్నారని 1995లోనే రాష్ట్రం ఆర్డర్ వేసింది. అలాంటి చోట ఇంత గడ్డి పచ్చగా ఉంచడం న్యాయమేనా?

దీపస్తంభం:
సరైన ప్రశ్న. అక్కడి కోర్సుల వాళ్లకీ ఆ బాధ తగిలింది. అందుకే పెబుల్ బీచ్ కోర్సులకు 1994 నుంచి ఇళ్లలో వాడి వదిలిన నీళ్లను శుద్ధి చేసి పెడుతున్నారు. పసిఫిక్ గ్రోవ్‌కీ ఇప్పుడు అలాంటి నీళ్లే. మన ఊళ్లలోనూ ఇలా ఎందుకు చేయరని నాకెప్పుడూ బాధే.

నీటిచుక్క:
ఇది తెలియదు. థ్యాంక్సండీ. అయినా ఆ శుద్ధి నీళ్లతో ఊళ్లో ఇంకేం చేయొచ్చో కూడా అడగాల్సిందే అంటాను.

గుంటూరు_శాన్‌హోసే:
అన్నీ రెండు సార్లు చదివాను. మా ఆవిడకి కూడా చూపించాను. 'అమ్మ_కూడా_గోల్ఫరే' గారి పోస్ట్ దగ్గర ఆవిడ ఆగిపోయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం కూర్చుని ఇలా అనుకున్నాం.

శుక్రవారం పొద్దున్నే పసిఫిక్ గ్రోవ్‌లో నేను ఆడతాను, వాళ్లు లేచి టిఫిన్ చేసి లైట్‌హౌస్ దగ్గరికి వచ్చేసరికి వెనక తొమ్మిదిలో ఉంటాను. శనివారం ద హేలో పాపతో నేను, పటింగ్ గ్రీన్ మీద నాన్న. ఆ సాయంత్రం పెబుల్ బీచ్ లాడ్జ్ వెనక 18వ గ్రీన్ దగ్గర అందరం నిలబడి ఆడేవాళ్లని చూస్తాం. ఆదివారం పూర్తిగా మా ఆవిడది. తను అక్వేరియం అంటోంది.

వైజాగ్ గారూ, మీ స్కోర్‌కార్డ్ సంగతి చదివాక మాత్రం మనసు అటే లాగుతోంది.

వైజాగ్_గాలి:
మీ ప్లాన్ బాగుంది, నేను మాత్రం ఒప్పుకోను. రిసార్ట్‌లో ఉండనివాళ్లకి ముందు రోజు మాత్రమే టీ టైమ్ ఇస్తారు. నలుగురికి కష్టం, ఒంటరిగా వచ్చేవాడికి దొరికే అవకాశం ఎక్కువ. శనివారం మీ ఆవిడనే అడగండి. తను సరేనంటే ఫోన్ చేయండి. దొరికితే స్వెటర్ పెట్టుకుని వెళ్లండి, మధ్యాహ్నం దాటితే ఏడో హోల్ దగ్గర గాలి బాగా చల్లగా ఉంటుంది.