ఆస్ట్రేలియా ఫీజు ఇన్‌వాయిస్‌లో ఎస్‌ఎస్‌ఏఎఫ్: యూనియన్‌లో చేరడం మన ఇష్టమైతే ఈ డబ్బు ఎందుకు?

తెనాలి_టు_మెల్‌బోర్న్:

నమస్తే అండి. జూలై ఇన్‌టేక్‌లో మాస్టర్స్‌కి మెల్‌బోర్న్ వస్తున్నాను. ఇన్‌వాయిస్‌లో ట్యూషన్ ఫీజు కింద ఇంకో వరుస ఉంది: స్టూడెంట్ సర్వీసెస్ అండ్ అమెనిటీస్ ఫీ (ఎస్‌ఎస్‌ఏఎఫ్), 182.50 డాలర్లు. మన డబ్బుల్లో దాదాపు పది వేలు. ఆస్ట్రేలియాలో స్టూడెంట్ యూనియన్ సభ్యత్వం ఐచ్ఛికం అని చాలాచోట్ల చదివాను. మరి ఇదేంటి? యూనియన్‌లో చేరను అని రాసిస్తే ఇది తీసేస్తారా? కట్టకపోతే వీసాకు ఇబ్బందా? ఈ డబ్బు పార్టీల రాజకీయాలకు పోతుందని ఒక గ్రూప్‌లో అన్నారు, అది నిజమేనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

సెక్షన్_19:

ఇన్‌వాయిస్‌లో ఉన్నది సభ్యత్వ రుసుము కాదండి. పేర్లు దగ్గరగా ఉండటంతో అందరూ కలిపేస్తున్నారు.

ఇక్కడి హయ్యర్ ఎడ్యుకేషన్ సపోర్ట్ చట్టం, 2003లో 19-37వ సెక్షన్ చూడండి. విద్యార్థి సంఘంలో చేరి తీరాలని యూనివర్సిటీ ఎవరినీ బలవంతపెట్టకూడదు. అదే చట్టం ఎస్‌ఎస్‌ఏఎఫ్ వసూలుకు మాత్రం వీలు కల్పించింది. కాబట్టి చేరడం మీ ఇష్టం, కట్టడం మాత్రం మీ ఇష్టం కాదు. చేరను అని రాసిచ్చినా ఆ 182.50 తగ్గదు.

లెక్క ఇది. 2025కి ఏడాది గరిష్ఠ పరిమితి 365 డాలర్లు, అందులో సగం మీ ఇన్‌వాయిస్‌లో పడింది. పరిమితికి లోపు ఎంత పెట్టాలన్నది యూనివర్సిటీ నిర్ణయం. పార్ట్‌టైమ్ వాళ్ల దగ్గర గరిష్ఠంలో 75 శాతానికి మించి తీసుకోకూడదు, అంటే ఏడాదికి 273.75. పూర్తి లోడ్‌లో 75 శాతం కంటే తక్కువ చదివితేనే పార్ట్‌టైమ్ కింద లెక్క. సెమిస్టర్‌కు నాలుగు సబ్జెక్టులు పూర్తి లోడ్ అయితే, మూడు తీసుకున్నవాళ్లు ఫుల్‌టైమే. చివరి సెమిస్టర్‌లో రెండే మిగిలినవాళ్లు మాత్రం ఇన్‌వాయిస్ సరిచూసుకోండి. ఫుల్‌టైమ్ రేటు పడి ఉంటే అడిగి సరిచేయించుకోవచ్చు.

ఎస్‌ఏ-హెల్ప్ అనే ప్రభుత్వ రుణంతో ఈ ఫీజును వాయిదా వేసుకునే వీలు ఇక్కడి పౌరులకు, చట్టంలో చెప్పిన మరికొందరికి ఉంది. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు లేదు. ముందే కట్టాలి. కొన్ని యూనివర్సిటీలు అంతర్జాతీయ విద్యార్థుల ట్యూషన్‌లోనే దీన్ని కలిపేస్తాయి. కాబట్టి ఆఫర్ లెటర్‌లో ఆ వాక్యం ఉందేమో వెతకండి. ఉంటే ఈ వరుస విడిగా రాకూడదు.

వీసాకూ యూనియన్ సభ్యత్వానికీ ఏ సంబంధమూ లేదు. కానీ బాకీ ఉంటే రిజల్ట్స్ ఆపడం, తర్వాతి సెమిస్టర్ ఎన్‌రోల్‌మెంట్‌కు అడ్డుపెట్టడం మామూలే. ఎన్‌రోల్‌మెంట్ రద్దయితే సీఓఈ (వీసాకు ఆధారమైన ఎన్‌రోల్‌మెంట్ ధ్రువపత్రం) పోతుంది, అప్పుడు వీసా మీదికొస్తుంది. ఈ మొత్తం కోసం అంతదాకా తెచ్చుకోవద్దు. ఇంకో మాట, ఇది ఓఎస్‌హెచ్‌సీ కాదు. హెల్త్ ఇన్సూరెన్స్ వేరే ఖర్చు.

పాత_క్యాంపస్:

"ఐచ్ఛికం అన్నాక ఈ ఫీజు ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబు 2005, 2011 మధ్య జరిగినదాంట్లో ఉంది.

2005కి ముందు చాలా యూనివర్సిటీల్లో ఎన్‌రోల్ అయితే యూనియన్ ఫీజు కట్టాల్సిందే. అప్పటి ప్రధాని జాన్ హోవర్డ్ ప్రభుత్వంలో విద్యామంత్రి బ్రెండన్ నెల్సన్ దాన్ని తీసేసే బిల్లు తెచ్చారు. సొంత కూటమిలోని సెనేటర్ బార్నబీ జాయిస్ వ్యతిరేకంగా ఓటేశారు. ప్రాంతీయ క్యాంపస్‌లలో ఆటస్థలాలు, వసతులు మూతపడతాయన్నది ఆయన వాదన. ఫ్యామిలీ ఫస్ట్ అనే చిన్న పార్టీ సెనేటర్ స్టీవ్ ఫీల్డింగ్ మద్దతుతో డిసెంబరులో బిల్లు గట్టెక్కింది. 2006 జూలై 1 నుంచి అమలు.

తర్వాత ఏమైందో అర్థం కావాలంటే మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్క చాలు. నలభై ఫ్లాట్లున్న చోట మెయింటెనెన్స్ "ఇష్టమైతే కట్టండి" అన్నారనుకోండి. లిఫ్ట్ కట్టినవాడికీ నడుస్తుంది, కట్టనివాడికీ నడుస్తుంది. వాచ్‌మన్ ఇద్దరి గుమ్మమూ కాస్తాడు. మూడు నెలలు తిరిగేసరికి కట్టేవాళ్లు పన్నెండు మంది మిగులుతారు. లిఫ్ట్ సర్వీస్ కాంట్రాక్ట్‌కు మాత్రం అదే బిల్లు. అప్పుడు ఆ పన్నెండు మందికే రేటు పెంచుతారు, వాళ్లలోనూ సగం మంది తప్పుకుంటారు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఏర్పాటే అలాంటిది.

యూనియన్ల విషయంలోనూ అదే జరిగింది. కాఫీ మీద తగ్గింపు ఇస్తే కార్డు కొనేవాళ్లు ఉంటారు. పరీక్ష అప్పీల్‌లో పక్కన కూర్చునే మనిషి జీతానికి, అద్దె గొడవలో లీజు చదివిపెట్టే లాయర్‌కు, పిల్లల సంరక్షణ కేంద్రానికి ముందే డబ్బు కట్టేవాళ్లు ఎవరు? ఆ అవసరం రేపు తనకే వస్తుందని చేరేనాడు ఎవరికీ తోచదు. రంగానికి ఏటా దాదాపు 17 కోట్ల డాలర్లు పోయాయని తర్వాతి ప్రభుత్వం లెక్క చెప్పింది. కొన్నిచోట్ల యూనివర్సిటీలే తమ బడ్జెట్ నుంచి సర్దాయి, కొన్నిచోట్ల సేవలు ఆగిపోయాయి.

2011లో లేబర్ ప్రభుత్వం పాత సభ్యత్వం జోలికి పోలేదు. చేరిక ఐచ్ఛికంగానే ఉంచి, సేవల ఖర్చుకు మాత్రం అందరి దగ్గరా తీసుకోవచ్చంది. 2012లో 263 డాలర్లతో మొదలైన పరిమితి ధరల సూచీతో పెరుగుతూ ఇక్కడికొచ్చింది. నా మటుకు నాకు ఇది సరైన విభజనే. అభిప్రాయం ఉన్న సంస్థలో చేరమనడం వేరు, అందరూ వాడుకునే ఏర్పాటుకు వాటా అడగడం వేరు.

స్వేచ్ఛ_ముఖ్యం:

అపార్ట్‌మెంట్ పోలిక పూర్తిగా నిలవదండి. లిఫ్ట్ అందరి ఇంటికీ వస్తుంది. ఆన్‌లైన్‌లో చదివేవాళ్లు, పగలంతా ఉద్యోగం చేసి సాయంత్రం క్లాసుకు మాత్రమే వచ్చేవాళ్లు, ఊరవతల క్యాంపస్‌లో ఉన్నవాళ్లు మెయిన్ క్యాంపస్ జిమ్‌కూ బార్బెక్యూలకూ ఎందుకు కట్టాలి? చట్టం వాళ్లను మినహాయించలేదు. తగ్గించాలా వద్దా అన్నది యూనివర్సిటీ దయ మీద ఉంది. కొన్ని తగ్గిస్తాయి, కొన్ని తగ్గించవు.

సూత్రం కూడా చిన్నది కాదు. ఏ సంఘంలోనూ చేరమని ఎవరినీ బలవంతపెట్టకూడదని సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 20వ అధికరణం చెబుతోంది. మన రాజ్యాంగంలో సంఘాలు పెట్టుకునే హక్కు 19(1)(సి)లో ఉంది. చేరకుండా ఉండటం అందులో సగమని నేను నమ్ముతాను. సభ్యత్వం వద్దన్నవాడి డబ్బు వేరే పేరుతో అదే సంస్థకు చేరుతుంటే, వద్దన్నందుకు వాడికి మిగిలిందేమిటి? రాజకీయాల గురించి అడిగారు కదా, దాని సంగతి కూడా ఎవరైనా సూటిగా చెప్పండి.

సెక్షన్_19:

మొదటి అభ్యంతరం న్యాయమైనదే. దూరవిద్య వాళ్లకు తప్పనిసరి తగ్గింపు చట్టంలోనే ఉండాలి.

ఇక రాజకీయాలు. 19-38వ సెక్షన్ ప్రకారం ఎస్‌ఎస్‌ఏఎఫ్ డబ్బును రాజకీయ పార్టీకి గానీ, ఫెడరల్, రాష్ట్ర, స్థానిక ఎన్నికల అభ్యర్థులకు గానీ వాడకూడదు. యూనివర్సిటీ ఆ డబ్బు యూనియన్‌కు ఇస్తే ఆ షరతుతోనే ఇవ్వాలి. దేనికి ఖర్చు పెట్టవచ్చో జాబితా కూడా సెక్షన్‌లోనే ఉంది: క్యాంపస్‌లో తిండి, ఆటలు, క్లబ్‌లు, చైల్డ్‌కేర్, న్యాయ సలహా, ఆరోగ్యం, వసతి వెతుకులాట, ఉద్యోగ సలహా, విద్యార్థి పత్రిక, చదువులో సాయం, విద్యార్థుల తరఫున వాదించడం వంటివి. పోస్టర్లలో యుద్ధం గురించో ప్రభుత్వం గురించో నినాదాలు కనబడితే వెంటనే మన ఫీజే అనుకోవద్దు. యూనియన్‌కు దుకాణాల అద్దె, సభ్యత్వ రుసుము లాంటి సొంత ఆదాయమూ ఉండవచ్చు. దాని మీద ఈ షరతులు లేవు. ఖాతాలు విడివిడిగా చూపమని అడగాలి. ఎవరూ అడగకపోతే రెండూ కలిసిపోతాయి.

లీడ్స్_వైపు:

బ్రిటన్ దారి వేరు. పోల్చి చూస్తే మీ చర్చకు పనికొస్తుంది. 1994 ఎడ్యుకేషన్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం విద్యార్థికి యూనియన్ నుంచి తప్పుకునే హక్కు ఉంది. తప్పుకున్నందుకు సేవల్లో అన్యాయం జరగకూడదు. మామూలుగా ఎన్‌రోల్ అవగానే సభ్యులే, వద్దనుకున్నవాళ్లు రాసివ్వాలి. విద్యార్థి విడిగా యూనియన్ ఫీజు కట్టడు. యూనివర్సిటీ తన బడ్జెట్ నుంచి గ్రాంట్ ఇస్తుంది. అందుకే తప్పుకున్నా చేతికి ఒక్క పౌండూ రాదు. మనవాళ్లు కొందరు రీఫండ్ వస్తుందనుకుని ఫారం నింపుతారు. చదువుకు విరామమిచ్చి చేసే పదవుల్లో గానీ, జీతం వచ్చే ఎన్నికైన పదవుల్లో గానీ ఒక మనిషి మొత్తం రెండేళ్లకు మించి ఉండకూడదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. అది నాకు బాగా నచ్చిన నిబంధన.

న్యూజిలాండ్ 2011లో చట్టం చేసి, 2012 జనవరి 1 నుంచి సభ్యత్వం ఐచ్ఛికం చేసింది. ఆక్లండ్ యూనివర్సిటీలో అయితే 1999 నుంచే అంతే. అక్కడ సేవల ఫీజు యూనివర్సిటీ వసూలు చేస్తుంది, సంఘం యూనివర్సిటీతో కాంట్రాక్ట్ రాసుకుని అందులోంచి తెచ్చుకోవాలి. చిక్కంతా అక్కడే. యూనివర్సిటీని ప్రశ్నించాల్సిన సంఘానికి వచ్చే ఏడాది కాంట్రాక్ట్ ఆ యూనివర్సిటీయే ఇస్తుంది. హాస్టల్ అద్దె ఎందుకు పెంచారని ఏ సంఘం అధ్యక్షుడు గట్టిగా అడుగుతాడు? బలవంతమా ఐచ్ఛికమా అన్నదానికంటే, డబ్బు ఎవరి చేతి మీదుగా వస్తుందన్నదే నాకు పెద్ద ప్రశ్న.

పాత_క్యాంపస్:

ఆ ప్రశ్నకే ఆస్ట్రేలియాలో 2025 జనవరి 1 నుంచి ఒక జవాబు వచ్చింది. ఎస్‌ఎస్‌ఏఎఫ్ వసూళ్లలో కనీసం 40 శాతం విద్యార్థులు నడిపే సంస్థలకే ఇవ్వాలి. ఉదాహరణకు 20,000 మంది ఫుల్‌టైమ్ విద్యార్థులు 2025 పూర్తి రేటు (365) కడితే 73 లక్షల డాలర్లు. అందులో 29.2 లక్షలు వాళ్లకు చేరాలి. ఇంతకుముందు ఈ వాటా యూనివర్సిటీ ఇష్టం.

మోసపోయే చోటు ఒకటుంది. పాలకవర్గంలో ఎక్కువ మంది విద్యార్థులు ఎన్నుకున్న విద్యార్థులై ఉంటేనే ఆ సంస్థ ఈ 40 శాతం లెక్కలోకి వస్తుంది. యూనివర్సిటీ సొంత కంపెనీ పెట్టి జిమ్, ఫుడ్‌కోర్ట్ నడిపితే, పేరులో "స్టూడెంట్ లైఫ్" అని ఉన్నా లెక్కలోకి రాదు. మార్పుకు గడువు కావాలని యూనివర్సిటీలు అనుమతి తెచ్చుకునే వీలుంది కాబట్టి మీ యూనివర్సిటీ ఏ దశలో ఉందో కనుక్కోండి. వెబ్‌సైట్‌లో ఎస్‌ఎస్‌ఏఎఫ్ కేటాయింపుల పేజీ ఉంటుంది. మొత్తం వసూలు, ఎవరికి ఎంత అన్న వరుసలు చూసి 40 శాతం మీరే వేసి చూడండి.

తెనాలి_టు_మెల్‌బోర్న్:

అందరికీ ధన్యవాదాలు అండి. కట్టేస్తాను. కట్టాక మా లాంటివాళ్లు నిజంగా వాడుకోగలిగింది ఏమిటి? సభ్యులు కాకపోతే, విద్యార్థుల తరఫున మాట్లాడే అడ్వకసీ విభాగం వాళ్లు పట్టించుకుంటారా?

వోల్ఖా_అక్క:

అడ్వకసీ ఎస్‌ఎస్‌ఏఎఫ్ డబ్బుతో నడిచే చోట సాధారణంగా సభ్యత్వం అడగరు తమ్ముడూ, స్టూడెంట్ నంబర్ చాలు. మనవాళ్లకు ఎక్కువగా పనికొచ్చేదీ, తక్కువగా వాడేదీ ఇదే.

ఉదాహరణకు అసైన్‌మెంట్ కాపీ అని అకడమిక్ ఇంటెగ్రిటీ మెయిల్ వచ్చిందనుకో. ముందు గడువు తేదీ చూడు, కొద్ది రోజులే ఇస్తారు. ఆ రోజే అడ్వకసీకి మెయిల్ పెట్టు. యూనివర్సిటీ పంపిన లేఖ, టర్నిటిన్ (కాపీని పట్టే సాఫ్ట్‌వేర్) రిపోర్ట్, సబ్మిట్ చేసిన ఫైల్, పాత డ్రాఫ్ట్‌లు జతచెయ్యి. వర్డ్‌లో గానీ గూగుల్ డాక్స్‌లో గానీ వెర్షన్ హిస్టరీ ఉంటే తేదీ, టైమ్ కనబడేలా స్క్రీన్‌షాట్లు తియ్యి. ఏ రోజు ఏ పేరా రాశావో చూపే ఆ స్క్రీన్‌షాట్, నాలుగు పేజీల సంజాయిషీ కంటే బలమైంది. అడ్వకేట్ నీ జవాబు చదివి ఎక్కడ బలహీనంగా ఉందో చెబుతారు, హియరింగ్‌కు పక్కన కూర్చుంటారు. నీ బదులు జవాబులు చెప్పరు, తీర్పూ ఇవ్వరు.

ఎక్కడ చెడుతుందంటే, కంగారులో ముందుగా వాట్సాప్ గ్రూప్‌లో అడుగుతారు. ఎవరో పాత క్షమాపణ లేఖ ఫార్మాట్ పంపుతారు. చెయ్యని తప్పు కూడా ఒప్పుకున్నట్టు ఉంటుంది అందులో. అదే ఫార్మాట్ ఇంకో విద్యార్థి కూడా పంపి ఉంటే, కాపీ కేసుకు కాపీ చేసిన జవాబు పంపినట్టే. ఒకసారి పంపిన లేఖను వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

అద్దె ఇంటి బాండ్ (అడ్వాన్స్) గొడవ, జీతం తక్కువ ఇవ్వడం, ఫైన్‌లు వీటికి యూనియన్ లీగల్ సర్వీస్ ఉందేమో అడుగు. వీసా సలహా మాత్రం రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్ లేదా లాయర్ ఇవ్వాలి. అడ్వకసీలో అలాంటివాళ్లు లేకపోతే చెప్పరు, విసుక్కోకు.

తెలుగు క్లబ్ పెట్టాలన్నా డబ్బు ఇక్కడి నుంచే. కనీస సభ్యుల సంఖ్య, రాసుకున్న నియమావళి, ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం అడుగుతారు. ఉగాదికి గ్రాంట్ కావాలంటే ముందే దరఖాస్తు పెట్టి, ప్రతి బిల్లూ దాచుకోవాలి. చాలాచోట్ల ఖర్చు పెట్టాకే తిరిగిస్తారు.

ఆంధ్ర, తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీల్లో దశాబ్దాలుగా యూనియన్ ఎన్నికలు లేవు కాబట్టి మనవాళ్లకు ఓటు అలవాటు లేదు. హెచ్‌సీయూలో చదివినవాళ్లకు ఈ పద్ధతి తెలిసే ఉంటుంది. ఇక్కడ ఏటా రెండో సెమిస్టర్‌లో చాలాచోట్ల ఎన్నికలు పెడతారు. స్టూడెంట్ మెయిల్‌కు ఓటింగ్ లింక్ వస్తుంది, దాన్ని ప్రకటన అనుకుని డిలీట్ చేసెయ్యకు. అంతర్జాతీయ విద్యార్థుల ప్రతినిధి అని వేరే పదవి ఉంటే, ఆ ఓటు మాత్రం తప్పకుండా వెయ్యి. మన అద్దెలు, ఫీజులు, ట్రామ్ టికెట్ల గురించి మాట్లాడాల్సింది ఆ మనిషే.