సాక్ష్యాల్లో వీసా, కారేనా? జ్ఞానానికి మైకు లేదా?

రెండు_కాసులు:
అందరికీ వందనాలు. పోయిన ఆదివారం మా సంఘంలో (చర్చిలో) సాక్ష్యాల సమయానికి, అంటే దేవుడు చేసిన మేలు మైకులో చెప్పుకునే సమయానికి, ఏడుగురు లేచారు. ఒకరికి వీసా వచ్చింది, ఒకరికి ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయింది, ఒకరికి ప్రమోషన్. కారు కొన్నాయనైతే తాళంచెవి చేతిలో తిప్పుతూనే మాట్లాడాడు. నా ముందు వరసలో కూర్చున్న అక్క మాత్రం లేవలేదు. ఆఫీసులో దొంగ బిల్లు మీద సంతకం పెట్టనన్నందుకు ఆమె ఉద్యోగం పోయి మూడు నెలలైంది. కూడిక అయ్యాక అడిగితే, "ఏం చెప్పమంటావు తమ్ముడూ, పోయిందని చెప్పనా?" అంది.

బంగారం కంటే జ్ఞానం మేలని బైబిల్లో సామెతల గ్రంథం ఎన్నిసార్లు చెప్పిందో. ఆ వాక్యం మా మందిరం క్యాలెండర్ మీద కూడా ఉంది. మైకులోకి మాత్రం రాదు. ఆర్థిక దీవెనల సాక్ష్యాలు కొన్నాళ్లు ఆపేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

ట్యాలీ_తమ్ముడు:
ఆపడం దేనికి బ్రదర్? సొలొమోను రాజు గిబియోనులో జ్ఞానం అడిగితే దేవుడు అడగని ఐశ్వర్యం కూడా ఇచ్చాడు (1 రాజులు 3). ఇచ్చింది చెప్పుకుంటే తప్పా? ఊదారంగు పొడి అమ్మే లూదియకు ఇల్లూ వాకిలీ ఉండబట్టే ఫిలిప్పీలో పౌలుకు బస దొరికింది. అందరం చేతులు దులుపుకుంటే మందిరం కరెంటు బిల్లు ఎవరు కడతారు?

రెండు_కాసులు:
సొలొమోను కథ 3వ అధ్యాయంతో ఆపేస్తే ఎలా? మందిరం కట్టడానికి 7 ఏళ్లు, సొంత రాజభవనానికి 13 ఏళ్లు. ఒక్క ఏట వచ్చిన బంగారమే 666 తలాంతులు. రాజు వెండి బంగారాలు విస్తారంగా కూడబెట్టకూడదని ద్వితీయోపదేశకాండం 17లో ముందే రాసి ఉంది. 11వ అధ్యాయానికి ఆయన హృదయమే దేవుని నుంచి తిరిగిపోయింది. ఆయన పోగానే జనం ఆయన కొడుకు రెహబాము దగ్గరికి వచ్చి, మీ నాన్న పెట్టిన కాడి బరువు తగ్గించమన్నారు. ఆ కట్టడాలకు వెట్టి చేసింది వాళ్లే మరి.

పాలేరు_మనవరాలు:
ఏమనుకోకండి, మీ ఇద్దరివీ కడుపు నిండినవాళ్ల మాటల్లాగే ఉన్నాయి. మా తాత పాలేరు. అమ్మమ్మ మిరప కోతలకు వెళ్లి, రాత్రి చేతుల మంటకు మజ్జిగ రాసుకునేది. డబ్బు కంటే జ్ఞానం గొప్పదని మాకు చెప్పినవాళ్లందరికీ డబ్బు ఉండేది! ప్రసంగి గ్రంథం 9లో ఒక బీదవాడు తన జ్ఞానంతో పట్టణాన్నే కాపాడతాడు. తర్వాత వాణ్ని తలచుకున్న దిక్కు లేదు. తమ్ముడికి ఉద్యోగం వచ్చినప్పుడు మా అమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచి, మాట రాక మైకు పట్టుకుని ఏడ్చింది. ఆ మైకు లాక్కుంటారా అన్నా?

గుండ్లకమ్మ_గట్టు:
మా ఒంగోలు వైపు సంగతి ఒకటి. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. సర్వే పని తెలిసిన మనిషి కాబట్టి చేయించగలిగాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడ్డా, కరువు సాయం నడుస్తున్నంతకాలం ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని. సాయం ఆగాక, 1878 జూలై 3న, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా వాళ్లు ఆ అంకె ఒక్కటే చెప్పుకుని మురిసిపోతారు. నాకైతే అంతకుముందు ఆయన "ఇప్పుడు కాదు" అన్న నెలలే గొప్పగా కనిపిస్తాయి.

పాలేరు_మనవరాలు:
కూలి డబ్బులు మాత్రం ఆపలేదుగా. నేను అంటున్నదీ అదే.

ట్యాలీ_తమ్ముడు:
సరే, కారు తాళం సంగతి ఒప్పుకుంటా. నిజం చెప్పాలంటే నేనూ పోయినేడు గృహప్రవేశం సాక్ష్యంలో లోను ఊసెత్తలేదు. 20 ఏళ్ల ఈఎంఐ. అందరూ దీవెన అన్నారు, నేనూ ఆమెన్ అన్నా. ఒకటో తారీఖు దగ్గర పడితే టెన్షన్. పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, తగినంత తిండి చాలని ఆగూరు అనే ఆయన చేసిన ప్రార్థన ఉంది కదా (సామెతలు 30), అది మా సంఘంలో ఎవరూ చేయగా వినలేదు. నేనూ చేయలేదు లెండి.

రెండు_కాసులు:
ఆపేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా సిస్టర్. మీ అమ్మగారి దగ్గర నా వాదన నిలవదు. కానీ ఆ అక్క కూడా లేచి చెప్పుకోగలగాలి. వచ్చే ఆదివారం పోగొట్టుకున్నవాళ్లను కూడా సాక్ష్యానికి పిలవమని పాస్టర్ అయ్యగారిని అడుగుతా.

పాలేరు_మనవరాలు:
అడగండి అన్నా. దానికంటే ముందు వాళ్లింట్లో బియ్యం ఉన్నాయో లేవో చూడండి. మూడు నెలలు అంటున్నారు.

రెండు_కాసులు:
ఇంత రాశాను గానీ అది తట్టనే లేదు. సాయంత్రం వెళ్తున్నా.

ట్యాలీ_తమ్ముడు:
వెళ్లేముందు నాకో మెసేజ్ పెట్టండి బ్రదర్. నేనూ కొంత పంపిస్తా. ఆదివారం మైకులో నా పేరు మాత్రం వద్దు.