గెలుచుకున్న నేలను జర్మన్ సైన్యం 1917లో తానే ఎందుకు వదులుకుంది?

చరిత్ర విద్యార్థి (ప్రశ్న):
మొదటి ప్రపంచయుద్ధంలో, 1914 సెప్టెంబరులో ఫ్రాన్సులోని మార్న్ నది దగ్గర జర్మన్ల దూకుడు ఆగిపోయాక, ఇరుపక్షాలూ ఉత్తర సముద్రం నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా కందకాలు తవ్వుకుని కూర్చున్నాయన్నది తెలిసిన సంగతే. నాకు అంతుపట్టనిది 1917 మార్చి నాటి ఘట్టం. అంతకు కొద్ది నెలల ముందు సోమ్ యుద్ధంలో ప్రతి గజం నేల కోసం ప్రాణాలొడ్డిన జర్మన్ సైన్యం, ఎవరూ తరమకుండానే ఫ్రాన్సులోని అరాస్, స్వాసోన్ పట్టణాల నడుమ విశాలమైన ప్రాంతాన్ని ఖాళీ చేసి వెనక్కి వెళ్లిపోయింది. దీన్ని ఓటమి అనాలా, ఎత్తుగడ అనాలా?

పాత పటాలు (జవాబు):
ఎత్తుగడే, అయితే గత్యంతరం లేక పన్నిన ఎత్తుగడ. 1916 ఆగస్టు వరకు సైన్యాన్ని నడిపిన ఫాల్కెన్‌హైన్, పోయిన నేలను ఎంత నష్టమైనా సరే ఎదురుదాడి చేసి తిరిగి పట్టుకోవాలనేవాడు. సోమ్ ప్రాంతపు సుద్దనేలలో జర్మన్లు చాలా లోతుగా తవ్వుకున్న నేలమాళిగలు 1916 జూలై 1న వారిని కాపాడిన మాట నిజం. ఆ ఒక్కరోజే బ్రిటిష్ సైన్యంలో 57,470 మంది హతులు, క్షతగాత్రులు అయ్యారు, వారిలో 19,240 మంది మరణించారు. కానీ మొదటి వరుసలోనే సైనికులను కిక్కిరిసేలా నింపి, దాన్నే పట్టుకు వేళ్లాడటం వల్ల, ఆ తరువాతి నెలల్లో శత్రు ఫిరంగులకు జర్మన్లు కూడా లెక్కకు మిక్కిలిగా బలయ్యారు.

ఆగస్టు చివర పగ్గాలు చేపట్టిన హిండెన్‌బర్గ్, లూడెన్‌డార్ఫ్‌లు ఈ పద్ధతిని మార్చారు. డిసెంబరులో వెలువడిన కొత్త రక్షణ సూత్రాల ప్రకారం ముందు వరుసలో కొద్దిమందే ఉంటారు. దాడి చేసేవాడు లోపలికి వచ్చేకొద్దీ చెదురుగా అమర్చిన మెషిన్ గన్ల నడుమ చిక్కుకుని, తన ఫిరంగుల అండకు దూరమై అలసిపోయిన వేళ, అందుకోసమే వెనుక ఉంచిన డివిజన్లు (వేలాది సైనికులుండే దళాలు) ఎదురుదాడికి దిగుతాయి. ఈ పద్ధతికి తాము ఎంచుకున్న నేల కావాలి. అందుకే రష్యన్ యుద్ధఖైదీలు సహా వేలాదిమంది చేత కొత్త రక్షణరేఖను ముందే కట్టించారు. జర్మన్లు దానికి ‘సీగ్‌ఫ్రీడ్’ అని పేరు పెట్టుకుంటే, బ్రిటిష్‌వారు ‘హిండెన్‌బర్గ్ రేఖ’ అన్నారు. దాని వెనక్కి జరగడంతో యుద్ధరేఖ సుమారు 40 కిలోమీటర్లు తగ్గి, పదమూడు, పద్నాలుగు డివిజన్లు చేతికి మిగిలాయి. పైగా ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి జలాంతర్గాములతో బ్రిటన్‌ను లొంగదీయాలని జర్మనీ పథకం వేసుకుంది కాబట్టి, నేలమీద కాలం గడిపితే చాలుననుకుంది.

గట్టు మీది కాకి (జవాబు):
పై వివరణతో ఏకీభవిస్తూనే రెండు మాటలు చేరుస్తాను. ఎవరూ తరమలేదన్నది పూర్తిగా సరికాదు. సోమ్ ప్రాంతంలోని ఆంక్ర్ లోయలో బ్రిటిష్ దాడుల ఒత్తిడికి కొన్నిచోట్ల అనుకున్నదానికన్నా ముందే, ఫిబ్రవరిలోనే జర్మన్లు వెనక్కి జరగవలసి వచ్చింది. రెండవది, దీన్ని కేవలం తెలివైన ఎత్తుగడగా మెచ్చుకుంటే సగం కథే చెప్పినట్టవుతుంది. ‘ఆల్బెరిక్’ అని పేరు పెట్టిన ఈ ఉపసంహరణలో ఇళ్లు కూల్చారు, బావులు పాడుచేశారు, పండ్లతోటలు నరికారు, రైలు పట్టాలు పెకలించారు. లక్షకు పైగా పౌరులను తరలించి, పనికి పనికిరానివారిని కొన్ని ఊళ్లలో వదిలేశారు. కూసీ కోట మహాబురుజును పేల్చేశారు. బపోమ్ పట్టణ పురపాలక భవనంలో దాచిన పేలుడు పదార్థం, వారు వెళ్లిపోయిన వారం రోజులకు మార్చి 25 రాత్రి పేలింది. ఆ సేనావిభాగానికి అధిపతియైన బవేరియా యువరాజు రూప్రెక్ట్ స్వయంగా ఈ విధ్వంసాన్ని వ్యతిరేకించాడు. ఆయన మాట చెల్లలేదు.

చరిత్ర విద్యార్థి:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి ఈ ఎత్తుగడ ఫలించిందా? ఏడాది తిరిగేసరికి అదే నేల మీదుగా జర్మన్లు మళ్లీ ఎందుకు దాడి చేశారు?

పాత పటాలు:
1917 వరకు ఫలించిందనే నా అభిప్రాయం. ఫ్రెంచి సేనాని నివెల్ దాడి చేయదలచిన నొయోం వంపు (జర్మన్ రేఖ ముందుకు పొడుచుకొచ్చిన భాగం) ఆయన సిద్ధమయ్యేలోపే పటం మీంచి మాయమైంది. ఏప్రిల్ 16న ఎన్ నది ఒడ్డున మిగిలిన దాడి విఫలమై, ఫ్రెంచి సైన్యంలో తిరుగుబాట్లకు దారితీసింది. అయితే జలాంతర్గాముల పథకం బ్రిటన్‌ను లొంగదీయకపోగా అమెరికాను యుద్ధంలోకి లాగింది. రష్యా తప్పుకోవడంతో తూర్పు నుంచి వచ్చిన సేనలతో, అమెరికన్లు పూర్తిగా దిగేలోపే గెలవాలని లూడెన్‌డార్ఫ్ 1918 మార్చి 21న విరుచుకుపడ్డాడు. దాదాపు 6,600 ఫిరంగులు అయిదు గంటలపాటు నిప్పులు కక్కాక, చిన్న చిన్న జట్లుగా చొచ్చుకుపోయే దళాలు పొగమంచు మాటున బ్రిటిష్ రక్షణను ఛేదించాయి. ఏళ్ల తరబడి గజాల్లో కొలిచిన ముందడుగు ఈసారి కొన్నిచోట్ల 60 కిలోమీటర్లు దాటింది.

ఆ దాడి ఆగిపోయింది ఎక్కడో చూడండి. తామే పాడుచేసిన నేల మీదుగా, ఆపైన సోమ్ గుంతల మీదుగా ఫిరంగులు, తిండి, మందుగుండు లాక్కురావలసి వచ్చింది. బండ్లకు గుర్రాలు చాలలేదు. ఆకలిగొన్న సైనికులు ఆల్బెర్ట్ పట్టణంలో చిక్కిన బ్రిటిష్ సరుకుల దగ్గరే నిలిచిపోయారు. ఏప్రిల్ 5న దాడిని నిలిపివేసేసరికి సుమారు రెండు లక్షల నలభై వేలమంది చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. వారిలో చాలామంది దాడుల కోసం ఏరి తర్ఫీదు ఇచ్చినవారే.

గట్టు మీది కాకి:
పొగమంచు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. చెదురుగా అమర్చిన మెషిన్ గన్ల రక్షణ అంతా దూరం నుంచి శత్రువు కనబడటం మీదే ఆధారపడుతుంది. 1918 సెప్టెంబరు 29 తెల్లవారుజామున హిండెన్‌బర్గ్ రేఖలో భాగమైన సెయింట్ క్వెంటిన్ కాలువ మీద అదే పొగమంచు కమ్ముకుంది. బ్రిటిష్ 46వ డివిజన్ సైనికులు ఓడల్లో వాడే తేలుడు జాకెట్లు కట్టుకుని కాలువ దాటారు, రికవాల్ వంతెనను జర్మన్లు పేల్చేలోపే పట్టుకున్నారు. పైగా ఆ రేఖ నిర్మాణ పటాలు ఆగస్టులోనే బ్రిటిష్‌వారి చేతికి చిక్కి ఉన్నాయి.