పిల్లలకు దయాకార్యాలు అలవాటు చేయడం ఎలా?

ప్రశ్న: సత్యోపదేశం (కతోలిక మతబోధ) టీచరు, కావలి దగ్గర పల్లె

మా విచారణలో (చర్చి పరిధిలో) ఆదివారం పూజ అయిన తర్వాత ఇరవై మంది పిల్లలకు సత్యోపదేశం చెబుతున్నాను. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం వంటి శారీరక దయాకార్యాలు 7, తప్పు చేసినవారిని క్షమించడం వంటి ఆధ్యాత్మిక దయాకార్యాలు 7 తడుముకోకుండా అప్పజెబుతారు. పోయిన తపస్సుకాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో) వారిచేత కొన్ని ఇళ్ళకు బియ్యం ఇప్పించాము. ఒక ఇంటి దగ్గర ఫొటో సరిగ్గా రాలేదని, ఇచ్చిన సంచిని వెనక్కి తీసుకుని మళ్ళీ అందించాము. ఆ ముసలమ్మ కొంగు సర్దుకుని, ఏమీ అనకుండా రెండోసారి చేతులు చాచింది. పిల్లలు నవ్వారు. తప్పు పిల్లలది కాదు, నాది. ఈసారి ఏ విధంగా చేయాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు: కనిగిరి నుంచి

మా వైపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి, దప్పికగొన్నవారికి నీళ్ళివ్వడమనేది ఎండాకాలం చలివేంద్రంతో తీరిపోయే పని కాదు. నడుము వంగిపోయిన పెద్దవారు ఇరవై లీటర్ల టిన్నును ఎత్తి బిందెలోకి వంచుకోలేరు. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. రోజు మార్చి రోజు పక్కింటి తాతకు సైకిల్ క్యారియరు మీద టిన్ను తెచ్చి, కొంత కూజాలో, మిగతాది బిందెలో పోసి, మూత పెట్టి వస్తాడు. నీళ్ళ డబ్బులు తాతే ఇస్తాడు. వద్దనకుండా తీసుకోమని మావాడికి గట్టిగా చెప్పాను. ఊరికే తెచ్చిపెడితే ఆయన నాలుగు రోజులకే ఏదో ఒక వంక చెప్పి మాన్పించేవాడు.

జవాబు: నెల్లూరు నుంచి

శారీరక దయాకార్యాల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయంలో కనిపించేవి ఆరే. చనిపోయినవారిని పాతిపెట్టడం అనే ఏడవదానికి ఆధారం కతోలిక బైబిలులోని తోబీతు గ్రంథంలో ఉంది. రాజు చంపించిన తనవారి శవాలను తోబీతు రహస్యంగా పాతిపెట్టిన కథ చెప్పి చూడండి, పిల్లలు కదలకుండా వింటారు. మేము నవంబరు 2న వచ్చే సమాధుల పండుగకు ముందే, పిల్లలను తీసుకువెళ్ళి అయినవాళ్ళెవరూ రాని సమాధుల మీద గడ్డి పీకించి, కడిగిస్తాము. అక్కడ కృతజ్ఞత చెప్పేవారూ ఉండరు, సిగ్గుపడేవారూ ఉండరు. సున్నం మాత్రం పెద్దవాళ్ళే వేయాలి, పిల్లల చేతులు పొక్కుతాయి. చెరసాలలో ఉన్నవారిని చూడడం పిల్లల వయసుకు తగినది కాదు, దానిని ఇప్పటికి పక్కన పెట్టండి. అన్నిటికంటే కష్టం, తప్పు చేసినవారిని క్షమించడం. మీ తరగతిలో ఒకరితో ఒకరికి మాటలు లేని ఇద్దరు పిల్లలు ఎలాగూ ఉండే ఉంటారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాటలు లేని జత ఒకటి కాదు, మూడున్నాయి. నిన్న ఆ ముసలమ్మ ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళి క్షమించమన్నాను. ఆమె ఆ సంగతి ఎత్తనే లేదు. మాత్రల అట్టలు తెచ్చి, పొద్దుటిది ఏదో, రాత్రిది ఏదో చూసి చెప్పమంది. శనివారం నుంచి ఆ పనికి ఏడో తరగతి అమ్మాయి ఒకతె వెళ్తుంది. ఫోను తీసుకువెళ్ళదు.