సిబ్బంది ఒప్పందం సవరణ: 6/6 వాచ్‌లో విశ్రాంతి గంటలు ఎలా సర్దుతున్నారు?

ఓడ సిబ్బంది హక్కుల అంతర్జాతీయ ఒప్పందమైన మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ 2022 సవరణలు 2024 డిసెంబర్ 23 నుంచి అమల్లోకి వచ్చాయి కాబట్టి మా కార్గో ఓడల ఉద్యోగ నిబంధనలు తిరగరాస్తున్నాం. ఆఫీసులోనే రాసి పంపితే సంతకాలు వస్తాయి, అమలు మాత్రం కాదు. అందుకే ముసాయిదా ముందుగా ఓడలోని సేఫ్టీ కమిటీకి వెళ్తోంది.

చిక్కంతా విశ్రాంతి దగ్గరే. 24 గంటల్లో 10, ఏడు రోజుల్లో 77 గంటలు తప్పనిసరి. రెండు భాగాలకు మించి విడగొట్టకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలు ఉండాలి. 6/6 వాచ్‌లో (ఆరు గంటలు డ్యూటీ, ఆరు గంటలు విరామం) అప్పగింతకు 15 నిమిషాలు పోతే మిగిలేది 5 గంటల 45 నిమిషాలు. రోజు మొత్తం 11న్నర గంటలు వచ్చినా నిబంధన తప్పినట్టే! రికార్డులో మాత్రం నిండుగా 6 అని పడుతోంది.

5-7-7-5 పద్ధతికి (5 గంటలు డ్యూటీ, 7 విరామం, 7 డ్యూటీ, 5 విరామం) మారితే పెద్ద విరామం 6 గంటల 45 నిమిషాలు దక్కుతుంది. ఇది నడిపిన డెక్, ఇంజిన్ వాళ్లు చెప్పండి: పోర్టులో కార్గో పని, మూరింగ్ (ఓడను తాళ్లతో కట్టడం) మధ్యలో వస్తే నిలబడిందా? భోజన వేళలకు గ్యాలీ (ఓడ వంటగది) వాళ్లు ఎలా సర్దుకున్నారు?

ఇంకొకటి. ఆఫీసర్ల ముందు రేటింగ్స్ (ఆఫీసర్లు కాని సిబ్బంది) నోరు విప్పరు. వాళ్ల అభిప్రాయం పేరు బయటపడకుండా ఎలా తీసుకుంటున్నారు? ఇంటర్నెట్ ఛార్జీలు, సరైన సైజు సేఫ్టీ బూట్ల మీద వాళ్ల మాటే మాకు ముఖ్యం.